అల్పకోణం ఉంటే అల్పకోణ త్రిభుజమేనా? కోణం కొలవడం, త్రిభుజం రకం తేల్చడం

30, 40, 110 డిగ్రీల కోణాలున్న త్రిభుజం ఇచ్చి "ఇదేం త్రిభుజం?" అని అడిగితే, ఆరో తరగతిలో చాలామంది "అల్పకోణ త్రిభుజం" అనే రాస్తారు. రెండు అల్పకోణాలు కళ్లెదుట కనిపిస్తుంటే వాళ్లకు అలా అనిపించడం సహజమే. కానీ అది అధికకోణ త్రిభుజం. ఈ ఒక్క తప్పు ఎక్కడ పుడుతోందో అర్థమైతే ఈ పాఠంలో సగం అర్థమైనట్టే.

అసలు అల్పకోణం లేని త్రిభుజమే లేదు. ఏ త్రిభుజం తీసుకున్నా అందులో కనీసం రెండు అల్పకోణాలు ఉంటాయి. కాబట్టి "ఇందులో అల్పకోణం ఉంది" అన్న మాట త్రిభుజం రకం గురించి ఏమీ చెప్పదు. రకాన్ని తేల్చేది మూడింట్లో అన్నిటికన్నా పెద్ద కోణం ఒక్కటే. అది 90 కన్నా తక్కువైతే అల్పకోణ త్రిభుజం, సరిగ్గా 90 అయితే లంబకోణ త్రిభుజం, 90 దాటితే అధికకోణ త్రిభుజం. పాత పుస్తకాల్లో లఘుకోణం, గురుకోణం అన్న పేర్లు కనిపిస్తే కంగారు పడొద్దు, అవి అల్పకోణం, అధికకోణాలే.

ముందు కోణాన్ని సరిగ్గా చూడడం

అల్పకోణం అంటే 0 కన్నా ఎక్కువ, 90 కన్నా తక్కువ. 90 అందులోకి రాదు. 89.5 వస్తుంది.

పిల్లలు ఎక్కువగా పొరబడేది భుజాల పొడవు దగ్గర. పొడవైన గీతలతో గీసిన 40 డిగ్రీల కోణం, పొట్టి గీతలతో గీసిన 60 డిగ్రీల కోణం కన్నా పెద్దదిగా కనిపిస్తుంది. దీనికి మంచి మందు గడియారం. హైదరాబాద్ మొజంజాహి మార్కెట్ గడియార స్తంభంలో ముళ్లు, మీ ఇంటి గోడ గడియారం ముళ్లకన్నా ఎన్నో రెట్లు పొడవు. అయినా ఒంటిగంటకు రెండింట్లోనూ ముళ్ల మధ్య కోణం 30 డిగ్రీలే, రెండింటికి 60, మూడింటికి 90. కోణం అంటే తిరుగుడు ఎంత అన్నదే తప్ప గీత ఎంత పొడవు అన్నది కాదు.

గడియారంతోనే ఇంకో పరీక్ష పెట్టండి. మూడున్నరకు ముళ్ల మధ్య కోణం ఎంత? తొమ్మిదిన్నరకు ఎంత? రెండింటికీ 90 అనే జవాబు వస్తుంది. నిజానికి మూడున్నరకు గంటల ముల్లు 3 మీద ఉండదు, 3కీ 4కీ సరిగ్గా మధ్యకు జరిగి ఉంటుంది. నిమిషాల ముల్లు 6 మీద ఉంది. మధ్యలో రెండున్నర గళ్లు, గడికి 30 చొప్పున 75 డిగ్రీలు, అంటే అల్పకోణం. తొమ్మిదిన్నరకు గంటల ముల్లు 6 నుంచి ఇంకా దూరం జరిగి మూడున్నర గళ్లు అవుతుంది, 105 డిగ్రీలు, అధికకోణం. చూపుకు లంబకోణంలా అనిపించేది అటో ఇటో పోవచ్చని పిల్లలకు ఇంతకన్నా బాగా చెప్పే ఉదాహరణ దొరకదు.

కాగితం మూలతో తొలి తీర్పు

కోణమాని తీసే ముందు ఈ పని చేయించండి. అర నిమిషం కూడా పట్టదు, తర్వాత వచ్చే పెద్ద తప్పును ఆపుతుంది.

ఏదైనా చిత్తుకాగితం తీసుకోండి, అంచులు వంకరగా చిరిగినా ఫరవాలేదు. ఒకసారి మడిచి మడతను గోటితో నొక్కండి, తిన్నని అంచు వస్తుంది. ఇప్పుడు ఆ అంచు తన మీద తానే పడేలా ఇంకోసారి మడవండి. వచ్చిన మూల కచ్చితంగా 90 డిగ్రీలు. ఈ మూలను కోణం శీర్షం మీద ఉంచి, ఒక అంచును ఒక భుజంతో కలపండి. రెండో భుజం కాగితం కింద దాగిపోతే అల్పకోణం. అంచు వెంటే వెళ్తే లంబకోణం. బయట కనిపిస్తే అధికకోణం. తీర్పును పెన్సిల్‌తో పక్కన రాసుకోవాలి.

కోణమానితో కొలవడం

కోణమాని మధ్య గుర్తును శీర్షం మీద పెట్టండి. సున్నా గీతను ఒక భుజం మీదికి తెండి. రెండో భుజం ఎక్కడ దాటుతోందో చదవండి. వినడానికి ఇంతే, తప్పులు మాత్రం మూడు చోట్ల వస్తాయి.

మొదటిది, ప్లాస్టిక్ కోణమాని కింది అంచూ సున్నా గీతా ఒకటి కావు. చాలావాటిలో సున్నా గీత అంచుకు కొన్ని మిల్లీమీటర్లు పైన ఉంటుంది. అంచును భుజానికి ఆనించి కొలిస్తే ప్రతి కోణమూ తప్పే వస్తుంది.

రెండోది, రెండు వరుసల అంకెలు. ఒకే గీత దగ్గర 50 అనీ ఉంటుంది, 130 అనీ ఉంటుంది. ఏది చదవాలి? పద్ధతి ప్రకారమైతే మొదటి భుజం ఏ వరుస సున్నా దగ్గర ఉందో ఆ వరుసే చదవాలి. అది గుర్తులేకపోయినా కాగితం మూల తీర్పు ఉంది కదా, అల్పకోణం అని ముందే తేలితే 50 తప్ప 130 అయ్యే వీల్లేదు.

మూడోది, పొట్టి భుజాలు. 2 సెంటీమీటర్ల భుజం చివర పెన్సిల్ గీత అర మిల్లీమీటరు పక్కకు పోతే కోణంలో దాదాపు 1.4 డిగ్రీల తేడా వస్తుంది. అదే 8 సెంటీమీటర్ల భుజమైతే తేడా 0.4 డిగ్రీలకు మించదు. అందుకే కొలిచే ముందు భుజాలను స్కేలుతో 8 సెంటీమీటర్ల దాకా పొడిగించుకోవాలి, అలా చేసినా కోణం మారదు. పెన్సిల్ మొన సన్నగా చెక్కి ఉండాలి.

మూడు కోణాలూ కొలిచి కూడితే 179 లేదా 181 వచ్చిందని పిల్లలు బెంగపడతారు. చేత్తో గీసిన బొమ్మకు ఒక డిగ్రీ అటూ ఇటూ కావడం మామూలే. మూడో కోణాన్ని 180కి సరిపెట్టి రాసేయడం మాత్రం నేర్పొద్దు. 5, 10 డిగ్రీల తేడా వస్తే ఎక్కడో సున్నా గీత తప్పిందని అర్థం. మొత్తం 200 పైన వస్తే దాదాపు ఎప్పుడూ రెండో వరుస అంకె చదివినట్టే.

జామెట్రీ బాక్సులో ఉండే రెండు మూలమట్టాలను కూడా వాడండి. ఒకదానిలో 45, 45, 90, ఇంకోదానిలో 30, 60, 90 కోణాలుంటాయి. 45 పక్కన 30 పెడితే 75, 45లోంచి 30 తీసేస్తే 15. అంటే 15, 30, 45, 60, 75 డిగ్రీల అల్పకోణాలన్నీ కోణమాని లేకుండానే గీయొచ్చు. పైగా తిన్నగా వస్తాయి.

కనీసం రెండు అల్పకోణాలు ఎందుకు?

మూడు కోణాల మొత్తం 180. అందులో ఒకటి 90 లేదా అంతకన్నా ఎక్కువైతే మిగతా రెండూ కలిపి 90కి మించవు. కాబట్టి ఆ రెండూ అల్పకోణాలే కావాలి. రెండు కోణాలు 90 అయ్యాయనుకుంటే మూడోదానికి మిగిలేది సున్నా. బొమ్మగా చూడాలంటే చార్మినార్ ముందు నిలబడితే చాలు. ఎదురుగా ఉన్న రెండు మీనార్లూ నేలకు నిట్టనిలువుగా లేచాయి. వాటిని ఎంత పైకి పెంచుకుంటూ పోయినా ఒకదాన్నొకటి కలవవు, త్రిభుజం పుట్టదు. కలవాలంటే కనీసం ఒకటి లోపలికి వాలాలి, ఆ వాలినచోట పుట్టేదే అల్పకోణం.

ఇక్కడి నుంచి రెండు ఉపయోగకరమైన సంగతులు తేలతాయి. త్రిభుజంలో పెద్ద కోణం ఎప్పుడూ 60కి తగ్గదు, తగ్గితే మొత్తం 180 రాదు. కాబట్టి అల్పకోణ త్రిభుజంలో పెద్ద కోణం 60కీ 90కీ మధ్యే ఉంటుంది, 60 దానికి చెల్లుతుంది, 90 చెల్లదు. చిన్న కోణానికి మాత్రం కింద హద్దు లేదు. 1, 89.5, 89.5 డిగ్రీలున్న త్రిభుజం సూదిలా సన్నగా ఉంటుంది, అయినా అది అల్పకోణ త్రిభుజమే. అల్పకోణ త్రిభుజం అంటే సమోసాలా నిండుగా ఉండాలన్న ఊహ పిల్లల మనసులోంచి పోవాలంటే ఈ సూది త్రిభుజాన్ని ఒకసారి గీసి చూపించాల్సిందే.

రెండు కోణాలే ఇచ్చి రకం అడిగితే ఒక అడ్డదారి ఉంది. ఇచ్చిన రెండూ అల్పకోణాలై, వాటి మొత్తం 90 దాటితే అల్పకోణ త్రిభుజం. మొత్తం సరిగ్గా 90 అయితే లంబకోణ త్రిభుజం. 90 లోపైతే అధికకోణ త్రిభుజం. "రెండూ అల్పకోణాలై" అన్న షరతు మరిచిపోవద్దు. 25, 100 ఇస్తే మొత్తం 125, తొంభై దాటింది. కానీ 100 అక్కడే కూర్చుని ఉంది.

కోణాలు లేకుండా, భుజాల పొడవులతో తేల్చడం

మూడు పొడవులనూ చిన్నది నుంచి పెద్దదాకా రాయండి. చిన్న రెండింటి మొత్తం పెద్దదానికన్నా ఎక్కువ ఉందో లేదో ముందు చూడండి. 4, 5, 9 ఇస్తే అసలు త్రిభుజమే రాదు, గీత మీద గీత పడుతుంది. ఈ మెట్టు దాటేశాక చిన్న రెండింటి వర్గాలు కూడి, పెద్దదాని వర్గంతో పోల్చండి. మొత్తం ఎక్కువైతే అల్పకోణ త్రిభుజం, సమానమైతే లంబకోణం, తక్కువైతే అధికకోణం.

4, 5, 6 తీసుకుంటే 16, 25 కలిపి 41. పెద్దదాని వర్గం 36. అల్పకోణ త్రిభుజం. 4, 5, 7లో అదే 41కి ఎదురుగా 49 ఉంది. అధికకోణ త్రిభుజం. 5, 12, 13లో 169కి 169, లంబకోణం.

ఎందుకిలా జరుగుతుందో చేత్తో చూడొచ్చు. 6, 8 సెంటీమీటర్ల రెండు అట్టముక్కల పట్టీలను ఒక చివర గుండుసూదితో కలపండి. మిగతా రెండు చివరల మధ్య దూరమే మూడో భుజం. సూది దగ్గర కోణం 90 ఉన్నప్పుడు ఆ దూరం 10. తెరిస్తే 10 దాటుతుంది, అధికకోణ త్రిభుజం, 14 దగ్గర పూర్తిగా చాపినట్టయి త్రిభుజం పోతుంది. మూస్తే 10 కన్నా తగ్గుతుంది, అల్పకోణ త్రిభుజం.

ఇక్కడ ఆపేయడమే చాలామంది చేసే పొరపాటు. ఇంకా మూయండి. మూడో భుజం 5.29 సెంటీమీటర్ల దగ్గరికి వచ్చేసరికి మళ్లీ లంబకోణం వస్తుంది. ఈసారి సూది దగ్గర కాదు, 8 సెంటీమీటర్ల భుజానికి ఎదురుగా, 6 సెంటీమీటర్ల పట్టీ రెండో చివర. ఎందుకంటే ఇప్పుడు పెద్ద భుజం 8. 64లోంచి 36 తీస్తే 28, దాని వర్గమూలమే 5.29. అక్కడి నుంచి ఇంకా మూస్తే ఆ మూల అధికకోణమై, 2 సెంటీమీటర్ల దగ్గర పట్టీలు ఒకదాని మీద ఒకటి పడతాయి. అంటే 6, 8 భుజాలకు మూడో భుజం 5.29కీ 10కీ మధ్య ఉంటేనే అల్పకోణ త్రిభుజం. 6, 8, 5 అల్పకోణ త్రిభుజం కాదు. సూది దగ్గర చూస్తే 39 డిగ్రీల లోపు అల్పకోణమే కనిపిస్తుంది, అందుకే కన్ను మోసపోతుంది. పొడవులను చిన్నది నుంచి పెద్దదాకా రాసుకోమన్నది ఇందుకే.

లెక్క వద్దనుకుంటే వృత్తలేఖిని చాలు. అన్నిటికన్నా పొడవైన భుజం మధ్యబిందువు గుర్తించి, ఆ భుజం వ్యాసంగా వృత్తం గీయండి. మూడో శీర్షం వృత్తం బయట పడితే అల్పకోణ త్రిభుజం, వృత్తం మీద పడితే లంబకోణం, లోపల పడితే అధికకోణం. పొట్టి భుజం మీద గీస్తే ఈ పరీక్ష చెల్లదు.

మేస్త్రీ దారం

పునాది గీత వేసేటప్పుడు మేస్త్రీలు చేసేదీ ఇదే లెక్క. మూల దగ్గర మేకు కొట్టి ఒక దారం వెంట 3 అడుగులు, రెండో దారం వెంట 4 అడుగులు గుర్తుపెట్టి, ఆ రెంటి మధ్య 5 అడుగులు వచ్చిందో లేదో చూస్తారు. 5 కన్నా తక్కువ వస్తే మూల అల్పకోణంలోకి పోయింది, ఎక్కువ వస్తే అధికకోణంలోకి.

జాగా ఉంటే 3, 4, 5 బదులు 6, 8, 10 వాడమని గట్టిగా చెబుతాం. ఎదురు దూరంలో 1 అంగుళం పొరబడితే 3, 4, 5లో మూల 2 డిగ్రీలు తప్పుతుంది. 6, 8, 10లో అదే అంగుళానికి తప్పేది 1 డిగ్రీ. ఒక డిగ్రీయే కదా అనుకోవద్దు. 30 అడుగుల గోడ చివరకు వెళ్లేసరికి అది ఆరు అంగుళాలు దాటుతుంది. తర్వాత చదరపు టైల్స్ పరిచినప్పుడు ఒక అంచున వరుస సన్నబడుతూ పోయేది చాలాసార్లు ఇలాంటి మూలల వల్లే. దారం సాగకుండా బిగించి ఉండాలి, టేపు నేల మీద వాలకుండా మట్టంగా పట్టుకోవాలి. వాలుగా పట్టిన టేపు దూరాన్ని ఎక్కువ చూపిస్తుంది.

భుజాల పేర్లు, కోణాల పేర్లు కలిస్తే

సమబాహు త్రిభుజం ఎప్పుడూ అల్పకోణ త్రిభుజమే, మూడూ 60. విషమబాహు త్రిభుజం మూడు రకాల్లో ఏదైనా కావచ్చు. ఆలోచించాల్సింది సమద్విబాహు త్రిభుజం గురించి. సమాన భుజాలకు ఎదురుగా ఉన్న సమాన కోణాలు రెండూ ఎప్పుడూ అల్పకోణాలే, రెండూ 90 అయ్యే వీల్లేదని ముందే చూశాం. ఆ సమాన కోణం 45 కన్నా ఎక్కువైతే అల్పకోణ త్రిభుజం, 45 అయితే లంబకోణం, 45 కన్నా తక్కువైతే అధికకోణం. సమద్విబాహు త్రిభుజంలో ఈ 45 ఒక్క అంకె గుర్తుంటే చాలు.

60 డిగ్రీలను కోణమాని లేకుండా రప్పించే ఒక అందమైన పని ఉంది. ఇరానీ హోటళ్లలో చాయ్‌తో తినే చిన్న ఉల్లి సమోసాకు పిండి పట్టీ మడుస్తారు చూడండి, అలాంటి కాగితం పట్టీ కత్తిరించండి, 3 సెంటీమీటర్ల వెడల్పు, అర మీటరు పొడవు. ఎడమ చివర ఇష్టం వచ్చినట్టు ఏటవాలుగా, ఎడమ కింది నుంచి కుడి పైకి ఒక మడత వేసి విప్పండి. ఆ మడత గీత పై అంచును తాకిన చోట, కుడివైపు పై అంచు ఆ గీత మీద పడేలా మడిచి విప్పండి. కొత్త గీత కింది అంచును తాకిన చోట, కుడివైపు కింది అంచుతో ఇదే పని. ఇలా పైనా కిందా మారుస్తూ పోవాలి. మొదటి మడత 45 డిగ్రీల దగ్గర పడిందనుకుంటే తర్వాతవి వరుసగా 67.5, 56.25, 61.9, 59.1, 60.5 అవుతాయి. ప్రతి మడతకూ 60 నుంచి ఉన్న తేడా సగమవుతుంది, ఒకసారి పైకి, ఒకసారి కిందికి. ఆరేడు మడతల తర్వాత వచ్చే త్రిభుజాలు కంటికి సమబాహు త్రిభుజాలే. మొదట్లో తప్పిన మడత తనంతట తానే దిద్దుకోవడం చూస్తే పిల్లలు ఈ పని మళ్లీ మళ్లీ చేస్తారు. మొదటి రెండు మూడు త్రిభుజాలను కత్తిరించి పారేయండి.

60 మీద ఇంత మక్కువ బడికే పరిమితం కాదు. 1802లో మద్రాసు దగ్గర బ్రిటిష్ సైనికాధికారి విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన దేశ సర్వే అంతా త్రిభుజాలతోనే నడిచింది. ఒక భుజం, కోణాలు తెలిస్తే మిగతా భుజాలు సైన్ విలువలతో (ప్రతి కోణానికీ పట్టికలో ఉండే ఒక నిష్పత్తి) లెక్క కట్టడం ఆ పద్ధతి. 60 నుంచి 61కి వెళ్తే సైన్ విలువ 0.866 నుంచి 0.875 అవుతుంది, తేడా ఒక శాతం. 10 నుంచి 11కి వెళ్తే 0.174 నుంచి 0.191, తేడా దాదాపు పది శాతం. అదే ఒక డిగ్రీ పొరపాటు సూది మూల దగ్గర పదింతలు నష్టం చేస్తుంది. అందుకే సర్వే చేసేవాళ్లు వీలైనంతవరకు మరీ సన్నని కోణాలు రాకుండా త్రిభుజాలు ఎంచుకుంటారు. పిల్లలు నోటుబుక్కులో గీసే బొమ్మలకూ ఇదే వర్తిస్తుంది.

ఎండలో ఒక కొలత

హైదరాబాద్ భూమధ్యరేఖకు 17.4 డిగ్రీల ఉత్తరాన ఉంది. డిసెంబరు 21న మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఇక్కడ దక్షిణాన 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. 90లోంచి 17.4, మళ్లీ ఆ రోజు సూర్యుడు భూమధ్యరేఖకు దక్షిణాన ఉండే 23.4 తీసేస్తే వచ్చే అంకె అది. డాబా మీద మీటరు కర్ర నిలబెట్టండి. దారానికి రాయి కట్టి వేలాడదీసి, కర్ర నిట్టనిలువుగా ఉందో లేదో రెండు వైపుల నుంచి చూసుకోండి, వాలితే లంబకోణం పోయి లెక్కంతా చెడుతుంది. మన దగ్గర సూర్యుడు ఆ రోజుకు అన్నిటికన్నా ఎత్తుకు వచ్చేది సరిగ్గా పన్నెండింటికి కాదు, ఆ రోజుల్లో సుమారు 12 గంటల 14 నిమిషాలకు. పన్నెండు నుంచి పన్నెండున్నర దాకా ఐదేసి నిమిషాలకు నీడ చివర సుద్దతో గుర్తు పెడుతూ, అన్నిటికన్నా పొట్టి నీడను తీసుకోండి. అది 86 సెంటీమీటర్ల దగ్గర వస్తుంది. నోటుబుక్కులో 10 సెంటీమీటర్ల నిలువు గీత, 8.6 సెంటీమీటర్ల అడ్డగీత గీసి కలపండి. నీడ చివర కోణం 49, కర్ర కొన దగ్గర 41, మొదట్లో 90.

మార్చి 21 ప్రాంతంలో ఇదే చేస్తే నీడ 31 సెంటీమీటర్లకు తగ్గి, ఆ కోణం 73 దగ్గరికి పెరుగుతుంది. మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ రెండు రోజులూ నీడ కర్ర మొదట్లోకే ముడుచుకుపోతుంది, గీయడానికి త్రిభుజం మిగలదు.